కంటి పువ్వుకు పొర మార్పిడి

వరిగొలుసు మొన గాని, మొక్కజొన్న ఆకు అంచు గాని, పసుపు త్రవ్వునప్పుడు ఎగిరిన మట్టిపెళ్ల గాని కంటికి తగులుట జగిత్యాల, కోరుట్ల ప్రాంతపు పొలములలో వింత కాదు. తగిలిన కన్ను ఎర్రబడును, నీరు కారును. చాల కండ్లు రెండు మూడు రోజులలో బాగగును. కొన్ని బాగుకావు. నల్లగుడ్డు మీద తెల్లని మచ్చ ఏర్పడును. గాయము మానినను చూపు తిరిగి రాదు. దీనినే పల్లెలలో ‘కంటిలో పువ్వు వేసినది’ అందురు. పొలము పనికే కాదు, సిరిసిల్లలో సాంచె మీద తెగిన పోగును కనిపెట్టి ముడివేయుటకైనను, ఇంటి అరుగు మీద కూర్చుండి బీడీలు చుట్టుటకైనను చూపే ఆధారము. కంటిలో పువ్వు వేసిన ఇంటిలో కూలి కూడ తగ్గును.

పువ్వు వేసిన కన్ను ఇక పోయినట్లే అని పూర్వము తలచెడివారు. ఇప్పుడు అట్లు తలచనక్కరలేదు. అట్టి కంటిలో లోపలి భాగములు తరచుగ చక్కగనే ఉండును. ముందున్న కిటికీ అద్దము మాత్రమే మసకబారినది. ఆ అద్దమునంతయు తీసి క్రొత్తది బిగించవలెనా? లేక మసకబారిన మందము వరకే తీసి, అంతే మందము గల మరొక పొరను అతికించిన చాలునా? ఈ ప్రశ్న చుట్టు నూరేండ్లకు పైగ సాగిన కృషి ఫలితముగ వైద్యుని చేతికి కత్తికి తోడు ఒక వెలుగు కిరణము వచ్చినది.

అర మిల్లీమీటరు కిటికీ

కంటి నల్లగుడ్డును గడియారపు అద్దమువలె కప్పియున్న పారదర్శక భాగమే కార్నియా. పాఠ్యగ్రంథములలో దీనిని శుక్లపటలమందురు. పేరులో పోలిక యున్నను కంటి శుక్లము వేరు, పువ్వు వేరు. కంటి లోపల నున్న కటకము మసకబారుట శుక్లము. ఆ కటకమును తీసి కృత్రిమ కటకమును అమర్చినచో చూపు వచ్చును. పువ్వు కటకమునకు ముందే, కార్నియాలోనే ఏర్పడు మచ్చ. శుక్లము ఆపరేషను దానిని తొలగింపలేదు.

కార్నియా అడ్డుకొలత సుమారు 11.5 మిల్లీమీటర్లు. నడుమ దాని మందము సుమారు 540 మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాను గనుక, ఇది అర మిల్లీమీటరునకు కొంచెము ఎక్కువ మాత్రమే. ఇంత పలుచని ఈ భాగమే కంటిలో ప్రవేశించు కాంతిని వంచు పనిలో సుమారు మూడింట రెండు వంతులు చేయుచున్నది. దీనిలో రక్తనాళములు లేవు. ఉన్నచో వెలుగునకు అడ్డు వచ్చెడివి.

ఈ అర మిల్లీమీటరులో ఐదు పొరలు కలవు. అన్నిటికన్న పైది సుమారు 50 మైక్రాన్ల ఉపకళ. గీరుకొన్నను ఇది కొద్ది రోజులలో తిరిగి పెరుగును. దాని క్రింద పలుచని బౌమన్ పొర. ఆ క్రింద స్ట్రోమా. కార్నియా మందములో సుమారు పదింట తొమ్మిది వంతులు ఇదియే. తరువాత డెస్మె త్వచము. అన్నిటికన్న లోపల ఒకే కణము మందము గల అంతఃస్తరము.

అంతఃస్తరము పలుచనిదైనను దాని పని గొప్పది. కంటిలోని ద్రవము ఎడతెగక కార్నియాలోనికి ఊరుచుండును. బావిలో ఊరిన నీటిని మోటారు తోడినట్లు, ఈ కణములు ఆ నీటిని ఎప్పటికప్పుడు వెనుకకు తోడివేయుచుండును. మోటారు ఆగినచో కార్నియా నీరుపట్టి ఉబ్బి మసకబారును. పెద్దవారి కంటిలో చదరపు మిల్లీమీటరునకు సుమారు 2,500 అంతఃస్తర కణములుండును. ఇవి చచ్చినచో వాటి స్థానమున క్రొత్తవి పుట్టవు. ప్రక్కనున్న కణములే సాగి ఖాళీని కప్పును. ఈ ఒక్క సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. పొర మార్పిడి యొక్క ప్రయోజనమంతయు దీని మీదనే ఆధారపడి యున్నది.

పువ్వు ఎట్లు వేయును?

స్ట్రోమా కొల్లాజెన్ అను మాంసకృత్తు పోగులతో ఏర్పడినది. సాంచె మీద పడుగు పోగులు సమదూరములో పరచియున్నట్లే, ఈ పోగులు కూడ ఒకదాని కొకటి ఇంచుమించు సమదూరములో అమరియుండును. కార్నియా పారదర్శకముగ నుండుటకు ఈ క్రమమే ముఖ్య కారణము. గాయము లోతుగ తగిలినప్పుడు శరీరము దానిని పూడ్చును గాని ఆ క్రమమును తిరిగి కూర్చలేదు. క్రొత్త పోగులు చిక్కుపడిన నూలువలె అడ్డదిడ్డముగ ఏర్పడును. వెలుగు వాటి మీద పడి చెదరిపోవును. అదియే పువ్వు.

పొలములో తగిలిన గాయములో మరొక ప్రమాదము కలదు. గడ్డి, ఆకు, మట్టి వీటి మీద బూజు జాతి శిలీంధ్రములుండును. గీత పడిన చోట అవి కార్నియాలోనికి చొరబడి పుండు చేయును. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పదేండ్లలో పరీక్షించిన 1,300కు పైగ శిలీంధ్రపు పుండ్ల వివరములను 2002లో ప్రకటించినది. వాటిలో సుమారు మూడింట రెండు వంతులు ఫ్యుసేరియం, ఆస్పర్జిల్లస్ అను రెండు జాతుల వలననే కలిగినవి. సగమునకు పైగ రోగులకు అంతకు ముందు కంటికి దెబ్బ తగిలియున్నది.

ఆ సంస్థయే 1996–2000 సంవత్సరములలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతములలో పదివేల మందికి పైగ జనుల కండ్లను పరీక్షించినది. కార్నియా చెడుట వలన కనీసము ఒక కన్నైనను గ్రుడ్డిదైనవారు నూటికి 0.66 మంది అని తేలినది. బాల్యములో వచ్చిన పుండ్లు, దెబ్బలు, పెద్దతనములో వచ్చిన పుండ్లు ముఖ్య కారణములు. ఈ అంధత్వములో నూటికి 95 వంతులు నివారింపదగినదే అని ఆ పరిశీలకులు తేల్చిరి.

సున్నము పడిన కన్ను, బాలుని కార్నియా

చెడిన కార్నియాను మార్చి మనుష్యునకు చూపు తెప్పించుటలో తొలి విజయము 1905 డిసెంబరు 7న లభించినది. నేటి చెక్ దేశములోని ఓలోమోట్స్ పట్టణమున ఎడ్వర్డ్ జిర్మ్ అను వైద్యుడు అలోయిస్ గ్లోగార్ అను కూలీకి ఈ చికిత్స చేసెను. గ్లోగార్ కండ్లు సున్నము పడి చెడినవి. ఇనుప ముక్క గ్రుచ్చుకొని తీసివేయవలసి వచ్చిన పదునొకండేండ్ల బాలుని కంటి నుండి కార్నియాను తీసి జిర్మ్ అమర్చెను. గ్లోగార్ ఒక కంటిలో అమర్చినది నిలువలేదు. రెండవ కంటిలోనిది నిర్మలముగ నిలిచెను. అతడు తిరిగి పనికి పోగలిగెను.

జిర్మ్ మార్చినది కార్నియా యొక్క పూర్తి మందము. ఆ పద్ధతి నేటికిని వాడుకలో నున్నది. ఐదు పొరలును చెడిన కంటికి అదియే శరణ్యము. కాని దానికి రెండు చిక్కులు కలవు. మొదటిది, నడుమ కార్నియాను పూర్తిగ కోసినప్పుడు కొంతసేపు కన్ను తెరచిన కుండవలె ఉండును. ఆ సమయమున లోపల రక్తస్రావమైనచో కన్నే పోవచ్చును. రెండవది, పరాయి అంతఃస్తరమును రోగి శరీరము శత్రువుగ భావించి దాడి చేయవచ్చును. దీనినే తిరస్కరణ అందురు. ఆ కణములు తిరిగి పుట్టవు గనుక, తిరస్కరణ తీవ్రమైనచో క్రొత్త కార్నియా కూడ మసకబారును.

ఇప్పుడు ఆలోచింపుడు. గాయము వలన పై పొరలలో పువ్వు వేసిన రైతు కంటిలో అంతఃస్తరము చెడలేదు. అతని మోటారు బాగుగనే నడచుచున్నది. దానిని కూడ తీసివేసి పరాయి మోటారును ఎందులకు అమర్చవలెను?

కత్తికి అందని మందము

ఈ ఆలోచన క్రొత్తది కాదు. జర్మన్ వైద్యుడు ఆర్థర్ ఫాన్ హిప్పెల్ 1880ల లోనే రోగి కార్నియా లోపలి పొరను అట్లే ఉంచి, పై పొరలను మాత్రము మార్చి చూచెను. అనగా పొర మార్పిడి ఆలోచన జిర్మ్ విజయముకన్న ముందుదే. అయినను తరువాతి కాలమున పూర్తి మార్పిడియే ఎక్కువ వాడుకలోనికి వచ్చినది. కారణము తేలికగ ఊహింపవచ్చును. అర మిల్లీమీటరు పొరను చేతికత్తితో రెండుగ చీల్చవలెను. చీల్చిన తలము నునుపుగ ఉండవలెను. రోగి కంటిలోను, దాత కార్నియాలోను లోతు సరిపోవలెను. అతుకు గరుకుగ ఉన్నచో పువ్వు పోయినను అతుకు వద్ద వెలుగు చెదరి చూపు మసకగనే ఉండును. సన్నని పలక వంటి పదును గల యంత్రపు కత్తులు వచ్చిన తరువాత ఈ పని కొంత సులువైనది. లేజరు వచ్చిన తరువాత లోతును మైక్రాన్లలో ముందే నిర్ణయించుకొని కోయు వీలు కలిగినది.

ఫెమ్టోసెకండు అనగానేమి?

ఇందులకు వాడునది ఫెమ్టోసెకండు లేజరు. సెకండును పది కోట్ల కోట్ల భాగములు, అనగా 1 తరువాత 15 సున్నలు గల సంఖ్యతో భాగించగా వచ్చు కాలమే ఒక ఫెమ్టోసెకండు. ఒక సెకండునకు 3 కోట్ల 17 లక్షల సంవత్సరములు ఎంతో, ఒక ఫెమ్టోసెకండునకు ఒక సెకండు అంత. వెలుగు సెకండునకు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తునది గదా! ఒక ఫెమ్టోసెకండులో అది 0.3 మైక్రాను మాత్రమే సాగును.

ఇంత క్షణికమైన వెలుగు దెబ్బలను బలముగ పుట్టించు ఉపాయమును జెరార్డ్ మూరూ, డోనా స్ట్రిక్‌లాండ్ 1985లో కనిపెట్టిరి. వారికి 2018లో భౌతిక శాస్త్రములో నోబెల్ బహుమతి లభించినది. 1990లలో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో ఇట్టి కిరణము పొరపాటున ఒక పరిశోధకుని కంటిని తాకినది. పరీక్షించిన వైద్యుడు రాన్ కర్ట్జ్‌కు గాయపు అంచులు ఆశ్చర్యము కలుగునంత స్పష్టముగ కనబడినవి. చుట్టుప్రక్కల మాడలేదు. ఈ కిరణముతో కన్ను కోయవచ్చునన్న తలంపు అక్కడ బలపడినది.

ఆ కోత ఎట్లు జరుగునో చూతము. ఈ లేజరు వెలుగు తరంగదైర్ఘ్యము సుమారు 1,050 నానోమీటర్లు. ఇది కంటికి కనబడని పరారుణ కాంతి. నిర్మలమైన కార్నియా గుండ ఇది దానికేమియు హాని చేయక పోగలదు. భూతద్దము క్రింద ఎండ ఒక బిందువున చేరినట్లు, ఈ కాంతిని కార్నియా లోపల నిర్ణీతమైన లోతున ఒక సూక్ష్మ బిందువున చేర్చుదురు. అచ్చట మాత్రమే శక్తి అత్యధికమై, కణజాలము క్షణములో ఆవిరియై సన్నని బుడగ ఏర్పడును. దెబ్బ కాలము మిక్కిలి తక్కువ గనుక వేడి ప్రక్కలకు ప్రాకదు. ఇట్టి బుడగలను ప్రక్కప్రక్కనే లక్షలుగ వరుసలు తీర్చినచో ఒక తలము ఏర్పడును. తపాలా బిళ్ళలను విడదీయుటకు కాగితము మీద వరుసగ రంధ్రములు వేసినట్లే ఇదియును. పై తలమును కోయకయే లోపల కోయగలుగుట ఈ కిరణము ప్రత్యేకత.

శస్త్రచికిత్స క్రమము

మొదట కాంతి సహాయముతో కార్నియాను పొరలు పొరలుగ చిత్రించు ఓ.సి.టి. అను యంత్రముతో మచ్చ లోతును కొలుచుదురు. మచ్చ పై 150 మైక్రాన్లలో నున్నదనుకొందము. అంతకు కొంచెము క్రిందుగ కోత లోతును నిర్ణయింతురు. తరువాత దాత కార్నియాను ఒక కృత్రిమ గదిపై బిగించి, లేజరుతో తగిన మందము, అడ్డుకొలత గల బిళ్ళను కోయుదురు. నిలువయుంచిన కార్నియా కొంత నీరుపట్టి ఉబ్బియుండును గనుక, దాత బిళ్ళను కొంచెము మందముగ తీయుట వాడుక.

రోగి కంటిని చుక్కల మందుతో తిమ్మిరి పరచి, ఒక వలయముతో కదలకుండ పట్టి, పై నుండి గాజుపలకతో కొంచెము చదును చేయుదురు. లేజరు ముందు అడ్డముగ, పిమ్మట అంచు వెంబడి నిలువుగ కోయును. ఈ కోత కొద్ది సెకండ్ల పని. మచ్చగల బిళ్ళను ఎత్తి తీసి, దాత బిళ్ళను ఆ గుంటలో అమర్చుదురు. రెండును ఒకే యంత్రపు కొలతతో కోసినవి గనుక డబ్బాకు మూతవలె సరిపోవును. 2008లో అమెరికాలోని మయామి వైద్యులు కుట్లు లేకయే ఇట్లు అమర్చి ఫలితములను ప్రకటించిరి. బిళ్ళ అతుక్కొని నిలుచుటకు కొన్ని దినములు మెత్తని కాంటాక్టు కటకమును పెట్టుదురు. అవసరమైనచో కుట్లును వేయుదురు.

ఈ పద్ధతిలో కన్ను లోపలి గది తెరవబడదు. రోగి అంతఃస్తరము రోగిదే గనుక దానిపై తిరస్కరణ అన్న మాటయే లేదు. స్ట్రోమా తిరస్కరణ రావచ్చును గాని అది అరుదు. మందులకు లొంగుట ఎక్కువ.

లేజరు చేయలేని పని

లేజరు అను మాట వినగనే అది సర్వరోగ నివారిణి అని భ్రమపడరాదు. ఈ వెలుగు నిర్మలమైన కణజాలము గుండ చక్కగ పోవును. దట్టమైన పువ్వు గుండ పోవునప్పుడు చెదరును. అందువలన మిక్కిలి దట్టమైన, లోతైన మచ్చలకు ఈ కోత సరిపడదు. లోతు పెరిగినకొలది కోసిన తలము గరుకగుచుండును. అట్టి కండ్లలో 2002లో మొహమ్మద్ అన్వర్ తదితరులు ప్రచురించిన ‘పెద్ద బుడగ’ పద్ధతిని వాడుదురు. సన్నని సూదితో స్ట్రోమాలోనికి గాలి ఎక్కించి, డెస్మె త్వచమును బుడగగ విడదీసి, దాని పైనున్న స్ట్రోమానంతయు మార్చుదురు. ఇక్కడ లేజరు అంచులను కోయుటకు మాత్రము తోడ్పడును. వడ్రంగి చెక్కలను మెట్టుగాడితో కూర్చినట్లు, లేజరు అంచును మెట్లుగ గాని వంకరగ గాని కోయగలదు. అట్టి కూర్పు తిన్నని కోతకన్న గట్టిగ నిలుచును.

అంతఃస్తరమే చెడినవారికి దీనికి విరుద్ధముగ లోపలి పొరను మాత్రము మార్చి, గాలి బుడగతో అతికింతురు. కాబట్టి ఏ పొర చెడినదో తెలియుట వైద్యుని మొదటి కర్తవ్యము. మరియు లేజరు యంత్రము ఖరీదైనది. అనుభవము గల వైద్యుడు లేజరు లేకయే పొర మార్పిడిని చక్కగ చేయగలడు. ముఖ్యమైనది యంత్రము కాదు. బాగున్న పొరను బాగుగనే ఉంచవలెనన్న సూత్రము.

ఒక కార్నియా, ముగ్గురు రోగులు

ఈ సూత్రమునకు మరొక గొప్ప ఫలము కలదు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో రసిక్ వాజ్‌పేయి, ఆయన సహచరులు ఒకే దాత కార్నియాను విభజించి, పై పొరను ఒకరికి, లోపలి పొరను మరొకరికి, అంచునందలి మూల కణములను వేరొకరికి అమర్చినట్లు 2007లో ప్రకటించిరి. అంతే కాదు. అంతఃస్తర కణములు తగ్గినందున పూర్తి మార్పిడికి పనికిరాని కార్నియా కూడ, పై పొర మార్పిడికి పనికివచ్చును. దాతలు చాలని దేశమున ఇది చిన్న సంగతి కాదు.

దాత లేనిదే లేజరు ఎందులకును పనికిరాదు. మరణించిన పిమ్మట 6 గంటలలోపల కార్నియాను సేకరింపవలెను. జగిత్యాల నుండి హైదరాబాదు సుమారు 200 కిలోమీటర్లు. కోరుట్ల ఇంకను దూరము. అందువలన సేకరణ అక్కడికక్కడే జరుగవలెను. 1974లో మెక్‌కేరీ, కౌఫ్‌మన్ అను శాస్త్రజ్ఞులు రూపొందించిన ద్రవములో చల్లగ ఉంచినచో కార్నియా 4 దినములవరకు నిలువయుండును. ఆ పిమ్మట ఎంత దూరమైనను పోవచ్చును. హైదరాబాదులో 1987లో స్థాపితమైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు అనుబంధముగ 1989 నుండి రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధి పనిచేయుచున్నది. ఆ సంస్థ 2023 నాటికి 50,000 కార్నియా మార్పిడులు పూర్తి చేసినది. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. నేత్రదానమును గూర్చిన ప్రచారమునకు ఇట్టి సంస్థలు చక్కని కేంద్రములు కాగలవు.

కంటి అద్దములు వాడినవారును, శుక్లము ఆపరేషను చేయించుకొన్నవారును, మధుమేహము గలవారును నేత్రదానము చేయవచ్చును. మృతుని ముఖము వికృతము కాదు. రేబిస్, ఎయిడ్స్ వంటి కొన్ని వ్యాధులతో మరణించినవారి కార్నియాలను మాత్రము తీసుకొనరు. కుటుంబమువారు అంగీకరించి, నేత్రనిధికి వెంటనే కబురు చేసి, మృతుని కనురెప్పలు మూసి వాటి మీద తడిగుడ్డ ఉంచి, ఫ్యాను ఆపివేసినచో చాలును.

పువ్వు వేయకముందే

మార్పిడి ఎంత మెరుగైనను, పుట్టుకతో వచ్చిన కార్నియాకు సాటి రాదు. పొలములో కంటికి దెబ్బ తగిలినచో నలుపరాదు. నాలుకతోను, గడ్డిపోచతోను నలుసు తీయించుకొనరాదు. ఆకు పసరు, చనుబాలు, ఆముదము పోయరాదు. మందుల దుకాణములో అడిగి చుక్కలు తెచ్చి వేసికొనుట అన్నిటికన్న అపాయకరము. వాటిలో స్టీరాయిడ్ ఉన్నచో నొప్పి తగ్గినట్లు తోచును. లోపల శిలీంధ్రము మాత్రము విజృంభించును. కంటిలో సున్నము పడినచో వైద్యుని వద్దకు బయలుదేరుటకు ముందే ధారాళముగ మంచినీటితో కనీసము పావుగంట కడుగవలెను. కోత కాలమునను, నూర్పిడి యంత్రముల వద్దను సాధారణమైన రక్షణ కళ్ళజోడు అనేక కండ్లను కాపాడగలదు.

ఉపాధ్యాయులు కంటి నిర్మాణమును బోధించునాడు ఐదు పొరల పేర్లతో పాటు ఈ నాలుగు మాటలను కూడ చెప్పినచో, ఆ పాఠము విద్యార్థి వెంట ఇంటికి, ఇంటి నుండి పొలమునకు పోవును. ఎర్రబడిన కంటితో ఒక రైతు ఆ దినముననే వైద్యుని వద్దకు వెళ్ళినచో అతనికి లేజరుతో గాని, దాతతో గాని పని ఉండదు. వెళ్ళుట ఆలస్యమై పువ్వు వేసినను, నిరాశ చెందనక్కరలేదు. అతని కంటిలో ఇంకను బాగుగ నున్న పొరలను కాపాడి, చెడిన పొరను మాత్రమే మార్చు విద్య నేడు మనకు కలదు.